జాన్ పాల్ రక్తంలో ఆనందం

సల్మాబాద్,
బహ్రెయిన్,
మే నెల, శుక్రవారం

మేరీకి,

నువ్వు బాగున్నావని అనుకుంటూ, నేను బాగున్నానని నువ్వు కూడా అనుకోవాలని కోరుకుంటూ రాస్తున్నాను.

ఉత్తరం చూసి కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. నా ఫోను నీళ్ళ బకెట్లో పడింది, అంతే. రెండు రోజులు బియ్యం డబ్బాలో పెట్టి చూశాను. లాభం లేదు. కొత్తది ఇప్పట్లో కొనదలుచుకోలేదు. అందుకని కొన్నాళ్ళు ఉత్తరాలే. బుజ్జిబాబు లీవు మీద మొగల్తూరు వస్తున్నాడు, అతని చేతికి ఇస్తున్నాను. తిరిగి వచ్చేటప్పుడు నువ్వూ ఒక ఉత్తరం ఇచ్చి పంపు. పక్కవాళ్ళ ఫోను నుంచి చేయమని మాత్రం అడగకు.

ఒక మంచి కబురు. మా క్యాంపు బస్సు నడిపే నర్సింగన్న ఉద్యోగం ఖలాస్ చేసుకుని నిజామాబాద్ వెళ్ళిపోతున్నాడు. ఆ సీటుకి సూపర్‌వైజరు నా పేరు రాశాడు. మా అల్యూమినియం షాపులో హెల్పర్లందరిలో లైసెన్సు ఉన్నది నాకొక్కడికే. డ్రైవర్ గ్రేడ్ వస్తే భార్యను విజిట్ వీసా మీద తెచ్చుకోవడానికి కంపెనీ కాగితం ఇస్తుంది. ఇక్కడ నయీం అనే పేటలో ఒక గది తీసుకుందాం. పెళ్ళయినప్పటి నుంచి మనం ఒక కప్పు కింద ఉన్నది నా రెండు లీవుల్లోనే కదా. ఇప్పుడు కొన్ని నెలలు వరసగా ఉండొచ్చు.

వైద్య పరీక్ష ఒకటి ఉంది. అది దాటితే చాలు. అప్పటిదాకా ఓపిక పట్టు.

నీ
జాన్ పాల్

మరిచాను. ఉత్తరంతో పాటు నీ ఫోటో ఏదైనా పెడతావేమో. పెట్టకు.

*

నరసాపురం,
జూన్

గౌరవనీయులైన జాన్ పాల్ గారికి,

మీ ఉత్తరం అందింది. బుజ్జిబాబుకి టీ ఇచ్చి జంతికలు పెట్టాను. మొదటి కప్పుకి మీరు క్షేమమన్నాడు. రెండో కప్పుకి నిజం చెప్పాడు.

"బకెట్లో పడ్డవేంటి వదినా? నన్ను ఎయిర్‌పోర్టుకి దింపడానికొచ్చి ఆ ఫోన్లోనే కదా అన్నయ్య దారి చూపించేడు! గీత కూడా లేదు దానికి" అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది పాపం.

నా గొంతు వద్దు, నా ఫోటో కూడా వద్దు. ఫోను మాత్రం బంగారంలా ఉంది. ఇక నేను అడగవలసింది ఒక్కటే. ఆవిడ పేరేమిటి? వంట బాగా చేస్తుందా? మీరు పులుసులో ఉప్పు ఎక్కువ వేసుకుంటారని, అన్నం తినేటప్పుడు ఎవరైనా మాట్లాడితే చిరాకు పడతారని ఆవిడకి చెప్పారా? లేకపోతే నేనే ఒక కాగితం రాసి పంపుతాను. కాపురం చేసేదానికి ఆ మాత్రం తెలియాలి.

రోజూ రాత్రి మీరు ఫోను చేసే వేళకి చెయ్యి దానంతటదే చార్జరు వైపు వెళ్తోంది. సిగ్గు లేని చెయ్యి.

నిజం రాయండి. ఎంత చెడ్డదైనా సరే. అబద్ధం రాస్తే మాత్రం ఈసారి నేను మీ అమ్మగారికి చెప్తాను.

ఇట్లు,
చట్టప్రకారం మీ భార్య
లూర్దుమేరి

*

సల్మాబాద్,
జూన్ ఆఖరు

మేరీ,

ఆవిడా లేదు, గీవిడా లేదు. మరియమాత మీద ఒట్టు. ఫోను నిక్షేపంలా ఉంది. నేను అబద్ధం ఆడాను. అసలు సంగతి రాస్తున్నాను. చదివి నవ్వకు. ఒకవేళ నవ్వినా, నవ్వావని నాకు రాయకు. నువ్వు నవ్వావని తెలిస్తే నాకు సంతోషం వేస్తుంది. ఇప్పుడు నాకు పనికిరానిది అదే.

చలికాలంలో నాకు కొంచెం మనసు బాగోలేదు. అదేం పెద్దగా చెప్పుకునే సంగతి కాదులే. ఇక్కడి మన తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌లో హార్మోనియం వాయించే సోమరాజు గారు తెలుసు కదా, ఉమ్మ్ అల్ హస్సామ్‌లో కుట్టు దుకాణం ఆయనది. ప్యాంటు పొట్టి చేయించుకుందామని వెళ్తే నా మొఖం చూసి కొలతలు మానేసి ఒక సీసా తీశాడు. 'మనోహాయి' అని దాని పేరు. బట్టల కంటే ఇదే ఎక్కువ అమ్ముతున్నాడనుకుంటా ఈ మధ్య.

"చూడు జానూ," అన్నాడు, "గంజాయి తాగినోడికి హాయి ఎందుకొత్తాది? ఆ సరుకు పట్టే తాళంకప్ప మన బుర్రలో ముందే ఉంది గనక. మరి తాళంకప్ప ఎందుకుంది? దానికి సరిపోయే తాళంచెవి మన ఒళ్ళే తయారు చేసుకుంటాది గనక! దేవుడు లోపలే పెట్టేడయ్యా. సైంటిస్టులు దానికి పేరు కూడా మన మాటే పెట్టేరు, ఆనందమైడ్ అని. ఈ గోళీ దాన్ని నిద్ర లేపుద్ది, అంతే."

తీసుకున్నాను. కొన్నాళ్ళకి నిజంగానే బాగుపడ్డాను. గోళీ వల్లనో, అదే సమయంలో సోమరాజు గారు నన్ను కోరస్‌లోకి లాగడం వల్లనో, క్యాంపు చుట్టూ నడక మొదలుపెట్టడం వల్లనో, నీకు రోజూ ఫోను చేయడం వల్లనో నాకు తెలీదు. అన్నీ ఒకేసారి మొదలయ్యాయి.

ఇంతలో క్యాంపు గోడ మీద నోటీసు అంటించారు. డ్రైవరు పనికి వెళ్ళేవాళ్ళందరికీ మత్తు పరీక్ష. గంజాయి కూడా చూస్తారట. దొరికితే ఉద్యోగం పోవడమే కాదు, నేరుగా పోలీసులే. గంజాయికి తోడబుట్టినది నా ఒంట్లోనే తయారవుతోందని సోమరాజు గారు చెప్పి ఉన్నాడాయె! సీసాతో ఇచ్చిన కాగితం తీసి మళ్ళీ చదివాను. ఎండోకానబినాయిడ్లు, అంటే ఒళ్ళు తయారు చేసుకునే ఆ సరుకు, పెంచుకునే సహజ మార్గాలట. నలుగురితో కలిసి పాడటం, చెమట పట్టేలా నడవడం, కడుపు పట్టుకుని నవ్వడం, చాక్లెట్, కంటినిండా నిద్ర, అయినవాళ్ళ గొంతు. నేను నెలల తరబడి చేస్తున్నవన్నీ అవే. అంటే నా ఒళ్ళు ఈపాటికి గోడౌను అయి ఉంటుంది.

ఎవరిని అడగను? సేఫ్టీ ఆఫీసరు దగ్గరికి వెళ్ళి, సార్, నా రక్తంలో గంజాయి తమ్ముడున్నాడు, పరవాలేదా అంటే ఆయన ముందు ఎవరికి ఫోను చేస్తాడు? చివరికి నర్సింగన్నని అడిగాను. సంతోషంగా ఉన్నవాళ్ళు ఈ పరీక్షలో దొరికిపోతారా అన్నా అని.

"నేను గిన్నేండ్ల సంది బస్సు నడుపుతున్న," అన్నాడు, "ఎన్నడన్న సంతోషంగ కనవడ్డనా నీకు? గందుకే నడిచింది."

ఇంకేముంది! ఆ రోజు నుంచి గోళీలు మానేశాను. గొంతు బాగోలేదని కోరస్ మానేశాను. నా పక్క మంచం దేవేందర్ జోకులు మొదలుపెడితే బయటికి వెళ్ళిపోతున్నాను. ఒట్టి ఖుబూస్ రొట్టె, చప్పటి పప్పు తింటున్నాను. ఖాళీగా ఉంటే టీవీలో రాజకీయ చర్చలు చూస్తున్నాను.

అన్నిటికంటే కష్టం నీ ఫోను. నీ గొంతు వింటే నాకేమవుతుందో నీకు తెలీదు. పరీక్ష చేసేవాడికి మాత్రం తెలిసిపోతుంది. వాట్సాప్ తెరిస్తే నీ పాత వాయిస్ మెసేజీలు వినకుండా ఉండలేను, అందుకే అదీ మూసేశాను. ఉత్తరంలో గొంతు ఉండదు కాబట్టి పరవాలేదనుకున్నాను.

కోప్పడు. కోప్పడితే నాకు మంచిదే.

జాన్ పాల్

*

నరసాపురం,
జూలై

అమాయక చక్రవర్తి గారికి,

నవ్వానని రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. పక్కింటావిడ గోడ మీంచి చూసి, "ఏమైందే, ఎవరైనా పోయారా?" అని అడిగిందని మాత్రం రాస్తున్నాను. ఏడుస్తున్నాననుకుంది పాపం.

మీ లెక్కన అయితే కొత్తగా పెళ్ళయినవాళ్ళందరినీ జైల్లో పెట్టాలి. చంటిపిల్లల్ని ఉయ్యాలతో సహా పట్టుకుపోవాలి. పండగ పూజలో మన కోరస్ మొత్తాన్ని పీఠం దగ్గరే జీపెక్కించాలి, ఫాదర్ గారితో కలిపి. మీరు వెళ్ళి ఏదైనా డాక్టర్ని అడగండి. నేను మన వీధి మందుల షాపు రాజాని అడిగాను. "అదంతా నాకు తెలీదక్కా, ఆ సీసా మాత్రం నా దగ్గర కూడా ఉంది, ఇమ్మంటావా?" అన్నాడు.

అయినా నిజం చెప్పొద్దూ, నాకూ కొంచెం భయం వేసింది. మన ఖర్మ కాలి దొరికితే? ఆ సీటు మీ ఒక్కరిదే కాదు, నయీంలో ఆ గది నాది కూడా. అందుకని మీకు సాయం చేద్దామని నిర్ణయించుకున్నాను. మీకు ఏ మాత్రం ఆనందం కలగని సంగతులే ఏరి రాస్తున్నాను. పరీక్ష అయ్యేదాకా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చదువుకోండి.

వంటింటి కప్పు కారుతోంది. మొదట గిన్నె పెట్టాను, తరవాత గుండిగ పెట్టాను, ఇప్పుడు నేనే పక్కకి జరిగి వండుకుంటున్నాను. వర్షం వచ్చిన రోజు చారు ఎంత పెట్టినా తరగడం లేదు.

కాలవ గట్టు మీద స్కూటీ మీంచి పడ్డాను. గేదె అడ్డొచ్చింది. అది పక్కకి తప్పుకుంటుందని నేను, నేను తప్పుకుంటానని అది. చివరికి నేనే మర్యాదస్తురాలినయ్యాను. లేసు సంచితో సహా బురదలోకి. పైన గట్టు మీద నిలబడి ఆ గేదె నన్ను ఎంతసేపు చూసిందనుకున్నారు! తన చోటు నేను ఆక్రమించుకున్నానని దాని బాధ. ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర వాచి నూలు పట్టుకోవడానికి లేకుండా పోయింది. చెయ్యి కుదురుకునేదాకా రావద్దని అల్లిక పనిచ్చే లేసు హౌసు మేడం గారు అన్నారు.

ఒక్కదానికి అన్నం వండటం ఇంకా రాలేదు నాకు. ఎంత తక్కువ పోసినా ఇద్దరికి సరిపడా అవుతుంది. టీవీ గట్టిగా పెట్టుకుని తింటాను, ఇంట్లో ఏదో ఒక మనిషి గొంతు ఉండాలి కదా. ఆ మధ్య వంటల కార్యక్రమంలో ఆవిడ "ఉప్పు చూసుకోండి" అంటే "సరిపోయిందండీ" అన్నాను పైకే.

చాలా? దిగులు పుట్టిందా? ఇంకా కావాలంటే చెప్పండి, సరుకు బోలెడు ఉంది.

మీ శ్రేయస్సు కోరే
మేరి

*

సల్మాబాద్,
ఆగస్టు

మేరీ,

నా కొంప ముంచావు. ఆ గేదె దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆపుకోలేకపోయాను. భోజనాల హాల్లో అందరూ చూస్తున్నారు. లేచి వెళ్ళి వర్క్‌షాపు వెనకాల ఎర్రటి ఎండలో నిలబడ్డాను, అదంతా ఆవిరైపోతుందేమోనని. ఎన్ని కల్పించావే! ఆ టీవీ ఆవిడతో మాట్లాడటం మరీనూ. ఇలాంటి దిగులు ఇంకోసారి రాయకు, నేను తట్టుకోలేను.

పరీక్ష వాయిదా పడింది. క్లినిక్‌లో ఏదో సామాను రాలేదట. వచ్చే నెల అంటున్నారు. ఇంకో నెల ఇలాగే ఉండాలి.

ఇక్కడ నా పరిస్థితి రోజురోజుకీ పెద్దదైపోతోంది. నాకేదో ఘోరం జరిగిందని ఫెలోషిప్‌లో అందరూ నమ్ముతున్నారు. మొన్న శుక్రవారం అందరూ కారుల్లో క్యాంపుకి వచ్చారు, బిర్యానీ డేగిసాతో. నా మంచం చుట్టూ నిలబడి ప్రార్థన చేశారు. సోమరాజు గారు నా తల మీద చెయ్యి పెట్టి ఏడ్చేశాడు. "ఏం జరిగిందో చెప్పకయ్యా, దేవుడికి తెల్సు" అన్నాడు. దేవుడికి తెలిసే ఉంటుంది, నవ్వుకుంటూ ఉంటాడు. తరవాత పాట ఎత్తుకున్నారు. ఎంత బాగా పాడారంటే, లోపల అదేదో పొంగిపోకుండా నేను మనసులో పదమూడో ఎక్కం చదువుకున్నాను. బిర్యానీ మాత్రం తిన్నాను. అన్నం మీద పగేమిటి?

దేవేందర్ జోకులు మానేశాడు. "నా జోకులల్ల దమ్ము పోయింది భాయ్" అని వాడే మంచమెక్కాడు. సూపర్‌వైజరుకి మాత్రం నేను తెగ నచ్చేశాను. ఫోను లేదు, నవ్వు లేదు, కబుర్లు లేవు, బస్సుకి ఇలాంటివాడే కావాలి అన్నాడట. నర్సింగన్న తాళాలు చూపించి, "బండి నీదే. మొఖం గట్లనే ఉంచు" అన్నాడు.

ఇదంతా నవ్వులాటగానే ఉంది కానీ, ఒక సంగతి. మొదట్లో దిగులుగా ఉండటానికి నేను చాలా కష్టపడేవాణ్ణి. ఇప్పుడు కష్టపడక్కర్లేకుండా వస్తోంది.

జాన్ పాల్

*

నరసాపురం,
ఆగస్టు ఆఖరు

ఏవండీ,

ఆ చివరి మాట నాకు నచ్చలేదు. ఎన్నిసార్లు చదివినా నచ్చలేదు.

ఇక చాలు. ఫోను చెయ్యండి. కోరస్‌కి వెళ్ళండి. ఆ సీటు పోతే పోనివ్వండి. బహ్రెయిన్ చూడకపోతే నేనేం చచ్చిపోను. నాకు కావలసింది మీరు, ఆ గది కాదు.

కొరియర్‌లో పంపుతున్నాను. అందిన రోజే చెయ్యండి. నేను ఎదురు చూస్తాను.

మేరి

*

సల్మాబాద్,
సెప్టెంబర్

మేరీ,

నీ ఉత్తరం మొన్న పొద్దున అందింది. అదే రోజు మధ్యాహ్నం పరీక్షకి పిలిచారు. ఇన్నాళ్ళు ఆగాం కదా, ఇంకో పూట ఆగుదామనుకున్నాను. తప్పో ఒప్పో నాకు తెలీదు. జరిగింది రాస్తాను విను.

క్లినిక్‌లో మలయాళీ డాక్టరమ్మ. నమూనా ఇచ్చాను. కంగారులో సగం బయట పడింది. కాసేపటికి లోపలికి పిలిచింది. ఆమె ముందున్న కాగితం చూశాను. అడగకముందే మొత్తం కక్కేశాను. మేడం, నేను గంజాయి ముట్టలేదు, అది నా ఒంట్లోనే తయారవుతుంది, మొన్న బిర్యానీ తిన్నాను, ఒక గేదె గురించి చదివి నవ్వాను, అంతే, అని. నా హిందీలో ఎంత అర్థమైందో గానీ, ఆమె కలం కింద పెట్టింది.

అంతా విని ఆమె నవ్వలేదు. ఓపిగ్గా చెప్పింది. ఒళ్ళు తయారు చేసుకునేది అవసరమైనప్పుడు ఇంత పుట్టి, పని అవగానే కరిగిపోతుందట. నిలవ ఉండదట. పరీక్షలో చూసేది ఆ మొక్క నుంచి వచ్చినదాని జాడ. రెండూ ఒకే తాళంకప్పకి పట్టినా, సరుకు వేరు. ఎంత పాడినా, ఎంత నవ్వినా, భార్యతో రాత్రంతా మాట్లాడినా ఆ పరీక్షలో ఏమీ కనపడదు. నాది శుభ్రంగా ఉందట.

కానీ ఆ సీసా సంగతి చెప్పగానే కోప్పడింది. ఆ గోళీల్లో ఏముందో సరిగా రాసి ఉండదట. అలాంటి వాటిలో కొన్నిటిలో ఆ మొక్క రసమే కలుపుతారట. ఈ దేశంలో అది దొరికితే నిజంగానే జైలు. నేను భయపడాల్సింది సీసాకి, పాటకి కాదు అంది. సోమరాజు గారికి ఫోను చేసి చెప్పాను. "నేను రోజూ రెండేత్తన్నాను జానూ, నాకే హాయీ రాలేదు" అన్నాడు. మిగిలినవన్నీ పారబోశాడట. ఇప్పుడు బుద్ధిగా ప్యాంట్లు కుడుతున్నాడు.

ఇక గ్రేడ్ వచ్చేసిందనుకుంటున్నావు కదా. రాలేదు.

డాక్టరమ్మ వరసగా ప్రశ్నలు వేసింది. నిద్ర పడుతోందా, తింటున్నావా, ఎవరితోనైనా మాట్లాడుతున్నావా, దేనిమీదైనా ఆసక్తి ఉందా. నేను నిజమే చెప్పాను. నా బరువు చూసింది, మొఖం చూసింది. "ఈ మనిషి చేతికి బస్సు నిండా జనాన్ని ఇవ్వలేను" అంది. గంజాయి పరీక్ష పాసయ్యాను. దిగులు పరీక్ష ఫెయిలయ్యాను. కొన్ని వారాలు తన దగ్గరికి వచ్చి మాట్లాడమంది. మందు అవసరమైతే తనే రాస్తుందట, దర్జీ రాయకూడదంది. ఈలోగా పాడమంది, నడవమంది. "ముందు ఇంటికి ఫోను చెయ్యి" అంది.

క్లినిక్ మెట్ల మీదే నిలబడి చేశాను. నువ్వు ఎత్తలేదు. రాత్రి చేశాను, ఎత్తలేదు. మర్నాడు కూడా. డాక్టరమ్మ ముందుగా చెప్పిన మందువి నువ్వే. ఎత్తవే, మేరీ. ఇది రాసి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతున్నాను.

జాన్ పాల్

*

నరసాపురం,
సెప్టెంబర్

ఏవండీ,

కాగితం మీదే రాసి నేనూ ఫోటో తీసి పంపుతున్నాను. ఫోను ఎత్తను. కోపం వచ్చి కాదు. కోపం కూడా ఉందనుకోండి.

ఫోనులో మనం ఏం మాట్లాడుకుంటాం? తిన్నావా? తిన్నాను. మీరు తిన్నారా? ఆఁ. ఎండగా ఉందా? ఉంది. వాన పడిందా? పడింది. సరే పడుకో. పెళ్ళయినప్పటి నుంచి ఇదే మాట్లాడుకున్నాం. మీకు చలికాలంలో మనసు బాగోలేదని నాకు ఎప్పుడు తెలిసింది? ఎండాకాలంలో, అదీ ఉత్తరంలో, అదీ గంజాయి సంగతి చెప్పడానికి మధ్యలో ఒక ముక్కగా. ఆ రోజుల్లో కూడా రోజూ ఫోను చేశారు. రోజూ బాగున్నానన్నారు. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో దర్జీకి కనపడిన మొఖం నాకు కనపడలేదు. అది నా మనసులో ముల్లులా ఉంది.

మీరు ఒక్కరే కాదు. నా సంగతి కూడా చెప్తాను. ఆ దిగులు ఉత్తరంలో నేను ఏమీ కల్పించలేదు. వంటింటి కప్పు నిజంగా కారుతోంది. స్కూటీ మీంచి నిజంగా పడ్డాను. చెయ్యి నెలన్నర కట్టుతో ఉంది, లేసు పని లేదు. టీవీతో మాట్లాడింది కూడా నిజమే. మామూలుగా ఉంటే ఇందులో ఒక్కటీ మీకు చెప్పేదాన్ని కాదు. మీ రక్తం కోసమని సాకు దొరికింది కాబట్టి రాశాను. రాసిన రోజు హాయిగా నిద్రపోయాను.

గేదె చూసిన చూపు మాత్రం కొంచెం పెంచాను.

చలికాలంలో ఏమైందో రాయండి. అది చదివాక ఫోను ఎత్తుతాను.

మేరి

*

సల్మాబాద్,
అదే రోజు

మేరీ,

నీ చెయ్యి విరిగినంత పని అయితే నేను ఎండలో నిలబడి నవ్వాను. ఇప్పుడు ఎలా ఉంది? మూసిన గుప్పిట తెరవగలుగుతున్నావా? నూలు పట్టుకుంటున్నావా?

చలికాలంలో ఏమీ జరగలేదు. అదే చెప్పడం కష్టం. ఏదైనా జరిగి ఉంటే నీకు చెప్పేవాణ్ణి. ఎవరూ పోలేదు, ఎవరూ తిట్టలేదు. ఒక శుక్రవారం చర్చిలో పూజకి బయలుదేరి, ఒక బూటు వేసుకుని రెండోది చేతిలో పట్టుకుని కూర్చున్నాను. అది వేసుకోవాలని తెలుసు. వేసుకోలేకపోయాను. అక్కడ పూజ అయి, ఇక్కడ వంట అయి, దేవేందర్ తినడానికి పిలిచేదాకా అలాగే ఉన్నాను. తరవాత చాలా రోజులు అలాగే గడిచాయి. పని చేసేవాణ్ణి, తినేవాణ్ణి. నా బదులు ఇంకెవరో తింటున్నట్టు ఉండేది.

నువ్వు తిన్నారా అని అడిగేదానివి. తిన్నాను, అది అబద్ధం కాదు. తిన్నాను గానీ, అని మొదలుపెట్టాలనుకునేవాణ్ణి. ఆ గానీ తరవాత ఏం చెప్పాలో తెలిసేది కాదు. అంత దూరంలో ఉన్నదానివి, విని ఏం చెయ్యగలవు, ఊరికే నలిగిపోతావు అనుకున్నాను. భయం కూడా వేసింది. గల్ఫ్ వచ్చి సంపాదించే మగాడు బూటు వేసుకోలేకపోవడమేమిటని నువ్వు అనుకుంటావేమోనని.

పరీక్షకి నిజంగా భయపడ్డాను. కానీ ఇంకో నిజం కూడా ఉంది. దిగులుగా ఉండటానికి ఒక కారణం దొరికినందుకు కొంచెం తేలిగ్గా అనిపించింది. ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి నా దగ్గర ఏదో ఉంది అని.

ఇప్పుడు నీకు చెప్పాను. ఫోను చేస్తున్నాను. ఎత్తు.

జాన్ పాల్

*

నయీం,
ఫిబ్రవరి, కిటికీ పక్క కుర్చీలోంచి

మేరీ,

నువ్వు స్టవ్ దగ్గర అటు తిరిగి ఉన్నావు. నేను ఇక్కడ రాస్తున్నాను. చేపల పులుసు వాసన కాగితం దాకా వస్తోంది.

నేను పొద్దున, సాయంత్రం బస్సులో అంతమందిని క్షేమంగా దింపుతున్నాను. డాక్టరమ్మ సరేనన్నాకే గ్రేడ్ వచ్చింది, అయినా ఆవిడ దగ్గరికి మానకుండా వెళ్తున్నాను. కోరస్‌లో నీ గొంతు నా గొంతు కంటే పైన ఉందని సోమరాజు గారు అంటున్నాడు. అన్నీ బాగానే ఉన్నాయి. అయినా నీ వీసా అయిపోయే రోజు దగ్గర పడుతోందని మొన్నటి నుంచి నాకు అదే దిగులు. బస్సు నడిపేటప్పుడు కూడా పోవడం లేదు. నువ్వు వెళ్ళిపోయాక ఈ గది ఖాళీ చేసి క్యాంపుకి పోవాలంటే నాకు భయంగా ఉంది. మళ్ళీ అలా అయిపోతానేమోనని భయంగా ఉంది.

నిన్న అన్నం దగ్గర చెబుదామని నోరు తెరిచాను. తెరిచి, చేప ఎక్కడ కొన్నావని అడిగాను. నువ్వు చేపల బజారులో అన్నావు. చేపలు ఇంకెక్కడ కొంటారు? అందుకని మళ్ళీ కాగితం పట్టుకున్నాను. నీ పక్కన పెట్టి వచ్చి కూర్చుంటాను.

నీ
జాన్ పాల్

*

నయీం,
స్టవ్ పక్క నుంచి

ఏవండీ,

చదివాను. నాకూ భయంగానే ఉంది. రెండు రోజులుగా మీకు కనపడకుండా స్నానాల గదిలో ఏడుస్తున్నాను.

స్టవ్ ఆపేశాను. ఇప్పుడు మీరు రాసిందంతా ఇటు తిరిగి నోటితో చెప్పండి. వింటాను.

మేరి